మూడో సిస్టర్

1843 డిసెంబరు 23. క్రిస్మస్‌కి ఇంకా రెండు రోజులుంది. ఫ్రాన్స్‌కి వాయవ్య మూలన, బ్రిటనీ తీరంలో సెయింట్ సెర్వాన్ అనే రేవు ఊరు. ఆ ఊళ్ళో ఒకప్పుడు కన్యస్త్రీల మఠంగా ఉండి, తర్వాత చేతులు మారిన పాత భవనం ఒకటి. లోపల నలభై మంది దాకా దిక్కులేని ముసలివాళ్ళు. వాళ్ళకు వండిపెట్టి, ఒళ్ళు తుడిచి, బట్టలుతికే ఆడవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

అంతకు సరిగ్గా పదిహేను రోజుల ముందు, డిసెంబరు 8న, మరియమాత పండగనాడు, ఆ ఆడవాళ్ళంతా కలిసి తమ పెద్దను ఎన్నుకున్నారు. జాన్ జుగాన్. నిరుడు కూడా ఆమెనే ఎన్నుకున్నారు. వేరే ఎవరిని ఎన్నుకుంటారు? ఆ ఇంటికి మొదటి ముసలమ్మను మోసుకొచ్చింది ఆమె. ఆ నలభై కడుపులకూ రోజూ ఇంత తెచ్చిపోస్తున్నదీ ఆమే.

ఆ ఎన్నిక చెల్లదన్నాడు ఆగూస్త్ ల పాయర్. ఊరి చర్చిలో సహాయ గురువు ఆయన. ఆ చిన్న బృందానికి ఆధ్యాత్మిక సలహాదారు. ఎవర్నీ అడగలేదు, ఎవరి అనుమతీ తీసుకోలేదు. తన సొంత నిర్ణయంతో జాన్‌ను తప్పించి మరీ జామేను పెద్దగా ప్రకటించాడు. మరీ ఆయన దగ్గర పాపసంకీర్తనం చేసే అమ్మాయి. వయసు 23. జాన్‌కి 51.

ఆ గదిలో ఎవరేమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఇలాంటి చోట కథ చెప్పేవాడికి చెయ్యి దురదపెడుతుంది, ఆమె నోట ఒక గంభీరమైన మాట పెడదామని. పెట్టను. ఆ తర్వాత ఆమె ఏం చేసిందో మాత్రం ఖాయంగా తెలుసు. బుట్ట చేతికి తగిలించుకుని మళ్ళీ వీధిలోకి వెళ్ళింది. పదవి ఎవరిదైతేనేం, లోపల ముసలివాళ్ళకు పొద్దున్నే రొట్టె కావాలి.

*

కాంకాల్ అనే పల్లెలో పుట్టింది జాన్, 1792 అక్టోబరు 25న. రాజు తల తెగడానికి దాదాపు మూడు నెలల ముందు. విప్లవం రోజులు. చర్చిలు మూతపడ్డాయి, ఫాదర్లు దాక్కున్నారు. ఇళ్ళలో పెద్దాళ్ళు గుట్టుగా జపాలు చెప్పిస్తే పిల్లలు నేర్చుకున్నారు. నాన్న జోసెఫ్ చేపల వేట మీద బతికే మనిషి. పిల్లకు నాలుగో ఏడు నడుస్తుండగా సముద్రం మీదికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఎనిమిది మంది పిల్లల్లో ఆరోది జాన్. కొందరు పసితనంలోనే పోయారు. అమ్మ కూలికి వెళ్ళేది. జాన్ పశువులు కాస్తూ ఉన్ని వడికేది.

పదహారో ఏట ఒక జమీందారిణి ఇంట్లో వంటింటి పనికి కుదిరింది. ఆవిడ మంచి మనిషి. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళనూ పేదవాళ్ళనూ చూడ్డానికి వెళ్తూ ఈ పిల్లను వెంట తీసుకెళ్ళేది. పెద్దింటి ఆడవాళ్ళు పేదవాడి గుమ్మంలో ఎలా నిలబడాలో, ఎలా నిలబడకూడదో జాన్ అక్కడే చూసి ఉండాలి. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక నావికుడు పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. కాదంది. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ అడిగాడు. ఈసారి వాళ్ళమ్మకు చెప్పేసింది: దేవుడు నన్ను తనకోసం అట్టేపెట్టుకున్నాడమ్మా, ఇంకా మొదలుకాని పనేదో ఉంది, దానికోసం. ఏం పనో ఆమెకూ తెలియదు. తన బట్టల్లో కాస్త బాగున్నవి అక్కచెల్లెళ్ళకిచ్చి, 1817లో సెయింట్ సెర్వాన్‌కి బయల్దేరింది.

ఇంకా మొదలుకాని ఆ పనికోసం ఆమె ఎదురుచూసిన కాలం ఇరవై రెండేళ్ళు! ఆరేళ్ళు ఆసుపత్రిలో రోగుల చాకిరీ చేసి ఆరోగ్యం చెడగొట్టుకుంది. తర్వాత లెకాక్ అనే పెళ్ళికాని పెద్దావిడ ఇంట్లో పన్నెండేళ్ళు. పేరుకు పనిమనిషి, నిజానికి తోడు. ఇద్దరూ కలిసి పూజకెళ్ళేవారు, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేవారు. 1835లో లెకాక్ పోయింది. అప్పట్నుంచి రోజుకూలి. ఎవరింట్లో బట్టలుతకాలంటే అక్కడికి, ఎవరింట్లో రోగిని చూడాలంటే అక్కడికి. డెబ్బై దాటిన ఫ్రాంస్వాజ్ ఒబేర్ అనే ఆమెతో కలిసి రెండు గదులు, పైన అటక ఉన్న వాటా ఒకటి అద్దెకు తీసుకుంది. కుట్టుపని చేసుకునే వర్జినీ అనే అనాథ పిల్ల, పదిహేడేళ్ళది, వాళ్ళ దగ్గర చేరింది.

*

1839 చలికాలం. ఆన్ శోవాన్ అని ఒక విధవ. చూపు పోయింది, ఒక పక్క పడిపోయింది. అప్పటిదాకా చూసుకుంటున్న చెల్లెలు ఆసుపత్రి పాలైంది. ఇక దిక్కు లేదు. జాన్ వెళ్ళి ఆమెను తన వాటాకి తీసుకొచ్చింది. మెట్లు ఇరుకు. ముసలమ్మను ఎత్తుకుని ఎక్కింది. తన మంచం మీద పడుకోబెట్టి, తను అటక మీదికి వెళ్ళింది. ఆమె వయసు 47.

అంతే. వంద చర్చల తర్వాత పెట్టిన సంస్థ కాదిది. ఒక మంచం ఖాళీ చెయ్యడంతో మొదలైంది.

కొన్నాళ్ళకు రెండో ముసలమ్మ వచ్చింది. ఈవిడ కథ ఇంకా ఘోరం. ఒక ఇంట్లో పనిచేసేది. యజమానుల ఆస్తి హరించుకుపోయింది. జీతం లేకపోయినా వాళ్ళను విడిచి వెళ్ళలేదు, చివరి ఊపిరిదాకా చాకిరీ చేసింది. వాళ్ళు పోయారు, ఈమె వీధిన పడింది. జాన్ రెండో మంచం ఖాళీ చేయించింది. ఇద్దరు ముసలమ్మల తిండి ఖర్చు కోసం పగలు కూలి, రాత్రి పొద్దుపోయేదాకా సూదిదారం. వర్జినీ స్నేహితురాలు మరీ జామే వచ్చిపోతుండేది. ఆ అమ్మాయిలిద్దరి ద్వారా ల పాయర్‌కి ఈ ఇంటి సంగతి తెలిసింది. ఆయన సాయపడ్డ మాట నిజం. ఇల్లు మారడానికీ, పెద్ద భవనం కొనడానికీ ముందు నిలిచాడు. తన గడియారం కూడా అమ్మాడంటారు. ఆయన మొదట్నుంచీ దుర్మార్గుడని రాసేస్తే కథ తేలికవుతుంది గానీ, అది నిజం కాదు.

1841లో వాళ్ళు ఒకప్పటి సారాకొట్టులోకి మారారు. పన్నెండు మంది ముసలమ్మలు పట్టారు. మరుసటి ఏడు పాత మఠం కొన్నారు. ఆ మే 29న చిన్న సమావేశం పెట్టుకుని, నియమావళి రాసుకుని, జాన్‌ను పెద్దగా ఎన్నుకున్నారు. ‘పేదల సేవకులు’ అని పేరు పెట్టుకున్నారు. ‘లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్’ అనే పేరు తర్వాత వచ్చింది.

*

ఈ కథలో నన్ను కదలనివ్వని ఘట్టం ఆ ఎన్నికా కాదు, దాని రద్దూ కాదు. బుట్ట.

వచ్చిన ముసలమ్మల్లో చాలామంది అంతకుముందు ముష్టెత్తుకుని బతికినవాళ్ళు. ఏ రోజు ఎవరింటి గుమ్మం ముందు నిలబడితే ఏం దొరుకుతుందో వాళ్ళకు కంఠతా తెలుసు. పెద్దఇళ్ళలో వారానికింత అని ఇచ్చేవాళ్ళూ ఉండేవారు. ఇప్పుడు నీడ దొరికింది గానీ, కూడు చాలడం లేదు. మళ్ళీ వీధిలోకి వెళ్తామన్నారు. వెళ్తే తాగుడూ, అవమానాలూ, వానా చలీ. జాన్ ఒక పని చేసింది. మీరు ఎవరెవరింటికి వెళ్ళేవాళ్ళో నాకు చెప్పండి, ఇకనుంచి మీ బదులు నేను వెళ్తానంది.

జాన్ గర్వం ఉన్న మనిషి. కాంకాల్ ఆడవాళ్ళు కష్టం చేసుకుని బతుకుతారు గానీ చెయ్యి చాపరు. పదహారో ఏట నుంచి తన రొట్టె తను సంపాదించుకున్న మనిషి ఇప్పుడు ఎదుటివాళ్ళ గుమ్మంలో బుట్ట పట్టుకుని నిలబడాలి. దానం సేకరించే పెద్దమనిషిలా కాదు, సాక్షాత్తూ ఆ ముసలి ముష్టిదాని స్థానంలో. సెయింట్ జాన్ ఆఫ్ గాడ్ సభకు చెందిన ఒక బ్రదర్ ఆమెకు ధైర్యం చెప్పి ఈ దారిలో నిలబెట్టాడు. ఆ సభవాళ్ళకు జోలె పట్టడం అలవాటే. అయినా అది తనకెంత కష్టమైందో పెద్దయ్యాక తనే చెప్పుకుంది. దేవుడికోసం, మన పేదవాళ్ళకోసం చేశానంది.

వాడిన బట్టలు, నిన్నటి రొట్టె, బంగాళదుంపలు, ఉన్ని, చిల్లర డబ్బులు. ఏదైనా బుట్టలోకే.

ఒకాయన విసుగు పట్టలేక చెంప మీద కొట్టాడు. ఆమె అంది: “సంతోషం అయ్యా. ఇది నాకు. మరి మావాళ్ళకేమిస్తారు?” ఆయన ఇచ్చాడు.

ఇంకొకాయన నిన్న ఇచ్చాను కదా మళ్ళీ వచ్చావేమని కసురుకున్నాడు. “నిన్న మావాళ్ళకు ఆకలేసిందయ్యా. ఇవాళా వేస్తోంది. రేపూ వేస్తుంది.” అప్పట్నుంచి క్రమం తప్పకుండా ఇస్తూ వచ్చాడట.

ఇవి ఇన్నేళ్ళుగా నోటినోటా వచ్చిన కథలు, నిజమే. కానీ వాటిలో వినిపించే గొంతు మిగతా దాఖలాలన్నిట్లో కనిపించే మనిషిదే. దీనంగా కాదు, పొగరుగానూ కాదు. లెక్క అడుగుతున్నట్టు అడుగుతుంది.

ఒక ముసలి నావికుడు తడి నేలమాళిగలో చివికిన గడ్డి మీద పడి ఉన్నాడని తెలిసింది. అప్పటిదాకా ఇల్లంతా ఆడవాళ్ళే. జాన్ వెళ్ళి చూసి, తిరిగొచ్చి శుభ్రమైన చొక్కా పట్టుకెళ్ళి, కడిగి, తొడిగి ఇంటికి తీసుకొచ్చింది. ఆ తర్వాత మగవాళ్ళకూ తలుపు తెరుచుకుంది.

పదవి పోయాక ఆమెకు మిగిలిన పని ఈ బుట్టే. ల పాయర్ దృష్టిలో అది తక్కువ పని. ఆయన గమనించని సంగతేమిటంటే, సంస్థంతా ఆ బుట్టలోనే ఉంది.

*

1844 చివర్లో సెయింట్ సెర్వాన్ మేయరూ ఊరి పెద్దలూ ఒక పని చేశారు. జాన్ జుగాన్ అనే ఈ ఊరి స్త్రీ ఏమేం చేసిందో వివరంగా రాసి, సంతకాలు పెట్టి, పారిస్‌లోని ఫ్రెంచి అకాడమీకి పంపారు. పేదరికంలో ఉండి గొప్ప మంచిపని చేసినవాళ్ళకు అకాడమీ ఏటా ఇచ్చే మోంత్యోన్ బహుమతి ఒకటుంది. 1845 డిసెంబరు 11న అది జాన్‌కి ప్రకటించారు. 3,000 ఫ్రాంకులు. ద్యుపాన్ అనే ప్రముఖ న్యాయవాది, రాజకీయవేత్త, పారిస్ మేధావుల ముందు ఆమె గురించి ప్రసంగించాడు. అంతమంది ముసలివాళ్ళకు ఆమె ఎలా తిండి పెడుతోందని తనే ప్రశ్న వేసుకుని, దైవకృప, ఆమె నోటిమాట, కన్నీళ్ళు, కష్టం, ఎప్పుడూ నిండి తిరిగొచ్చే బుట్ట అని తనే జవాబు చెప్పాడు.

ఆ ప్రసంగాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేశారు. కొత్త ఊరికి వెళ్ళినప్పుడు జాన్ దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళేది. పేరు కోసం కాదు. పోలీసులూ అధికారులూ నువ్వెవరివని అడిగితే చూపించడానికి. 1846లో రెన్, దినాన్ పట్టణాల్లో ఇళ్ళు లేచాయి. తర్వాత తూర్, ఆంజే. ఏ కొత్త ఇల్లు కష్టాల్లో పడ్డా ఆమెకు కబురు వెళ్ళేది. ఆమె వెళ్ళి వీధులు తిరిగి, ఇల్లు నిలబెట్టి, ఇంకో ఊరికి సాగిపోయేది. పెద్ద హోదాలో ఇంకొకరున్నారు. జాన్‌కి సంస్థలో ఏ పదవీ లేదు.

ఆంజేలో ఉండగా ముసలివాళ్ళు ఒట్టి రొట్టె తింటున్నారు. వెన్న లేదు. వెన్నకు పేరుపడ్డ ప్రాంతంలో ఇదేమిటంది జాన్. ఖాళీ గిన్నెలు తెప్పించి పునీత జోజప్పగారి స్వరూపం ముందు పెట్టించింది. మా ముసలివాళ్ళకు వెన్న పంపించు అని చీటీ రాసి పెట్టించింది. వచ్చినవాళ్ళంతా ఆ చీటీ చదివేవారు. వెన్న వచ్చింది. ఇందులో భక్తి ఎంత, బుర్ర ఎంత అని విడదీసి చూడకపోవడమే మంచిది. అదే ఊళ్ళో సైన్యాధికారి ఒకాయన మీకేం సాయం కావాలని అడిగితే, డబ్బు అడగలేదు. మీ బ్యాండుమేళాన్ని ఒక పూట మా ఇంటికి పంపించండి, మా ముసలివాళ్ళు వింటారంది. పంపించాడు.

*

1852 మే 29న రెన్ బిషప్పు సంస్థకు అధికారికంగా ఆమోదం ఇచ్చాడు. ల పాయర్ సుపీరియర్ జనరల్ అయ్యాడు. ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి జాన్‌ను వీధుల్లోంచి పిలిపించడం. ఇక భిక్షకు వెళ్ళొద్దు. దాతలతో సంబంధాలు వద్దు. ప్రధాన మఠంలో ఉండు. అరవయ్యో ఏడు నడుస్తోంది ఆమెకు. అంతకుముందు పదవి తీసేశారు. ఇప్పుడు బుట్ట కూడా లాక్కున్నారు.

పేరు కూడా పోయింది. సిలువ మరియ అన్న సన్యాసనామమే మిగిలింది.

1856లో సంస్థ సెయింట్ పెర్న్ దగ్గర లా తూర్ సెయింట్ జోసెఫ్ అనే ఎస్టేటు కొంది. ప్రధాన మఠం, కొత్తగా చేరే అమ్మాయిల శిక్షణాలయం అక్కడికి మారాయి. జాన్ కూడా. 1852 నుంచి లెక్కేస్తే మొత్తం 27 ఏళ్ళు ఆమె ఆ అమ్మాయిల మధ్యే గడిపింది. వందల మంది వచ్చారు, శిక్షణ పొందారు, దేశదేశాలకు వెళ్ళారు. చేతికర్రతో తోటలో తిరిగే ఆ పొడవాటి ముసలి సిస్టర్ ఎవరో చాలామందికి తెలియదు. వాళ్ళకు చెప్పిన కథ వేరు: ల పాయర్ ఇద్దరు అమ్మాయిలతో సంస్థ స్థాపించాడు, జాన్ జుగాన్ మూడోదిగా చేరింది.

అబద్ధం అంతకంతకూ పెరిగింది. మొదటి ముసలమ్మను తెచ్చిన ఘనత కూడా ఆమె చేతిలోంచి జారిపోయింది. ఎందుకు చేశాడాయన? సంస్థ పెరిగే కొద్దీ తన చుట్టూ భక్తి పెరగడం ఆయనకు నచ్చింది. పెద్దగా చదువుకోని పల్లెటూరి పనిమనిషి పెట్టిన సంస్థ అనడం కంటే, ఒక గురువు దైవప్రేరణతో స్థాపించాడంటే గౌరవంగా ఉంటుందని కూడా అనుకుని ఉంటాడు. ఇంతకంటే లోతైన కారణం వెతికితే దొరకదనుకుంటాను.

ఆమె ఒకసారి ఆయన మొహం మీదే అంది: నా పనిని మీరు దొంగిలించారు ఫాదర్, కానీ ఇష్టంగానే మీకిచ్చేస్తున్నాను. ఈ మాటలో రెండో సగాన్ని భక్తి పుస్తకాలు బాగా ఎత్తి చూపిస్తాయి. నాకు మొదటి సగం కూడా అంతే ముఖ్యం. ఆమెకు తెలుసు. పేరుపెట్టి చెప్పింది. దొంగతనం అంది.

ఇంత మౌనం నాకు పూర్తిగా మింగుడుపడదు. ఆమె నోరు తెరిస్తే ఏమయ్యేది? దాతలు చీలిపోయేవారు, ఇళ్ళు మూతపడేవి, ముసలివాళ్ళు మళ్ళీ నేలమాళిగల్లోకి వెళ్ళేవారు. ఆ లెక్క ఆమె వేసుకుందేమో. మఠంలో కొత్త గుడి కడుతున్న రోజుల్లో రాళ్ళు చెక్కే పనివాళ్ళను అమ్మాయిలకు చూపించి, మనమూ ప్రభువు చేతిలో అలా చెక్కించుకోవాలని చెప్పేది. తనను చెక్కుతున్న ఉలి ఏ మనిషి చేతిలో ఉందో తెలియని అమాయకురాలు మాత్రం కాదు. చిన్నవాళ్ళుగా ఉండండి, మరీ చిన్నవాళ్ళుగా ఉండండి అనేది. ఎవరైనా పాత సంగతి కదిపితే, నా గురించి మీకేదో చెబుతారు, అదంతా వదిలెయ్యండి, మంచి దేవుడికి అన్నీ తెలుసు అని ఊరుకునేది.

1879 మార్చిలో పోపు 13వ లియో సంస్థ నియమావళిని ఆమోదించాడు. అప్పటికి సిస్టర్లు 2,400 మంది. ఆ ఆగస్టు 29న జాన్ చనిపోయింది. వయసు 86. చివరి రోజుల్లో చూపు దాదాపు పోయింది.

*

ఆ తర్వాత నిజం మెల్లగా బయటికొచ్చింది. 1890లో రోమ్ విచారణ జరిపి ల పాయర్‌ను పదవి నుంచి తప్పించి, పిలిపించుకుంది. మిగిలిన రోజులు ఆయన అక్కడే ఒక మఠంలో గడిపాడు. 1893లో మరణశయ్య మీదున్న మరీ జామే, మొదటి సిస్టర్‌ను నేను కాదు, స్థాపకురాలినీ నేను కాదు, జాన్ జుగాన్ అని చెప్పేసింది. తనను అలా ఉండమన్నారని కూడా అంది. యాభై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. ఆమెను కూడా ఎవరో అక్కడ కూర్చోబెట్టారు. జాన్ మీద జాలిపడేవాళ్ళు ఈ మరీ గురించి కూడా ఒక నిమిషం ఆలోచించాలి.

నిజాన్ని పట్టించిన కాగితం మాత్రం ల పాయర్ చేతికందని చోట ఉంది. సెయింట్ సెర్వాన్ పెద్దలు సంతకాలు పెట్టి పంపిన ఆ నివేదిక అకాడమీ దస్త్రాల్లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో అందులో ఉంది. 1982లో రెండో జాన్ పాల్ ఆమెను ధన్యురాలిగా ప్రకటించాడు. 2009 అక్టోబరు 11న 16వ బెనెడిక్ట్ పునీతుల జాబితాలో చేర్చాడు. అదే రోజు, మొలొకాయి దీవిలో కుష్ఠురోగుల మధ్య బతికి అదే రోగంతో పోయిన ఫాదర్ డామియన్‌ను కూడా.

ఆ 27 ఏళ్ళలో సంస్థ పెద్దలు ఆమెను సలహా అడిగిన సందర్భం ఒకటుంది. 1865లో. సంస్థ పెరిగింది కాబట్టి శాశ్వత ఆదాయాలు, ఏటా ఇంతని వచ్చే వడ్డీలు తీసుకోవచ్చా అన్నది ప్రశ్న. తీసుకుంటే రేపటి చింత ఉండదు. వయసు మీదపడ్డ సిలువ మరియను పిలిచారు. ఆమె వద్దంది. ఏ రోజుకారోజు దేవుడి మీదా జనం మీదా ఆధారపడటమే మన బతుకు అంది. ఆ పెద్దల తీర్మానం మీద మిగతా పేర్లతోపాటు ఆమె సంతకం కూడా ఉంది. స్థిరాదాయం తీసుకోకూడదని అన్ని ఇళ్ళకూ ఉత్తరాలు వెళ్ళాయి.

ఆ నియమం ఇంకా నడుస్తోంది. లిటిల్ సిస్టర్స్ 1882లో కలకత్తా వచ్చారు. తర్వాత సికింద్రాబాదులోనూ వృద్ధుల ఇల్లు పెట్టారు. కూరగాయలకీ బియ్యానికీ మందులకీ వాళ్ళు నేటికీ జనాన్ని అడగడానికి బయటికి వెళ్తారు. ఇచ్చినవాళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్తారు, ఎందుకంటే రేపు కూడా వాళ్ళింట్లో ముసలివాళ్ళకు ఆకలేస్తుంది.